శీతలోదక స్నానము – శాస్త్రము, ఆరోగ్యము, ఆచరణక్రమము

సంస్కృతమున నీటికి 'నారములు' అని ఒక పేరు కలదు. ఆ నారములు తనకు మొదటి నివాసమైనందున పరమాత్మకు నారాయణుడను నామము కలిగెనని మనుస్మృతియు, విష్ణుపురాణమును చెప్పుచున్నవి. నీటిని భగవన్నివాసముగా భావించువానికి స్నానము కేవలము మురికిని పోగొట్టుకొను పని కాదు; అది భగవంతుని సన్నిధిని ప్రవేశించుటకు మొదటి మెట్టు. తిరుమలలో బ్రహ్మోత్సవముల చివరి దినమున స్వామి పుష్కరిణిలో సుదర్శన చక్రమునకు జరుగు చక్రస్నానమును చూచుటకు, ఆ సమయమున తామును మునుగుటకు భక్తులు వేలకొలదిగా చేరుట అందరెరిగినదే. ధనుర్మాసమున గోదాదేవి ముప్పది పాశురములను అనుసంధించు గృహములలో తెల్లవారకముందే లేచి స్నానము చేయుట వ్రతములో భాగము.

ఇటీవలి కాలమున చన్నీటి స్నానమును గూర్చి లోకమంతట క్రొత్తగా చర్చ జరుగుచున్నది. మంచుగడ్డలు వేసిన తొట్టెలలో కూర్చుండువారు, శీతకాలమున సరస్సులలో ఈదువారు దానివలన సర్వరోగములు పోవునని చెప్పుచున్నారు. అది విని యువకులు తొందరపడుచున్నారు. వృద్ధులేమో 'మన పెద్దలు చెప్పినదే గదా' అని వయస్సును, వ్యాధిని లెక్కింపక చలిలో చన్నీళ్లు తలపై క్రుమ్మరించుకొనుచున్నారు. ఈ రెండు తొందరలకును మధ్య శాస్త్రము చూపిన మార్గమొకటి కలదు. ఆ మార్గమేదో, దానిని ఎట్లు ప్రారంభింపవలెనో, ఎవరు మానవలెనో, ముఖ్యముగా ఏ నీటిలో స్నానము చేయవలెనో తెలిసికొనుట అవసరము. ఈ చివరి ప్రశ్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల గృహస్థులకు మిక్కిలి ముఖ్యమైనది.

స్నానము ఆరు విధములు

ధర్మశాస్త్రకారులు స్నానమును ఆరు విధములుగా విభజించిరి. ప్రతిదినము చేయునది నిత్యస్నానము. గ్రహణము, ఆశౌచము మొదలగు నిమిత్తములచే చేయునది నైమిత్తికము. ఒక ఫలమును కోరి మాఘాది మాసములందు చేయునది కామ్యము. పూజ, జపము, శ్రాద్ధము మొదలగు కర్మలకు అంగముగా చేయునది క్రియాంగము. అభ్యంగనాదులతో దేహమాలిన్యమును పోగొట్టుటకు చేయునది మలకర్షణము. పుణ్యతీర్థమున స్నానమే ప్రధానమైన క్రియగా చేయునది క్రియాస్నానము.

ఈ విభాగమువలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఆరోగ్యమునకై చేయు స్నానము వేరు, ధర్మమునకై చేయు స్నానము వేరు. రెండును ఒకే చెంబు నీటితో సిద్ధింపవచ్చును. కాని ఆరోగ్యమునకు హాని కలుగు చోట చన్నీటి కొరకు పట్టుబట్టుట ధర్మము కాదు. స్నానశీలుని పది గుణములు ఆశ్రయించునని మహాభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పెను. బలము, రూపము, స్వరశుద్ధి, వర్ణశుద్ధి, మృదుస్పర్శ, సుగంధము మొదలైనవి అందున్నవి. వానిలో అధికభాగము దేహమునకు సంబంధించిన గుణములే యగుట గమనింపదగినది. శరీరము బాగుగా ఉండుటయే ధర్మసాధనమునకు ఆధారమని పెద్దల అభిప్రాయము.

రోగులకును, అశక్తులకును శాస్త్రము వేరు దారులు చూపినది. మాంత్రము, భౌమము, ఆగ్నేయము, వాయవ్యము, దివ్యము, వారుణము, మానసము అని స్నానములు ఏడు. మంత్రముతో ప్రోక్షించుకొనుట మాంత్రము, శుద్ధమైన మృత్తికను ధరించుట భౌమము, భస్మధారణము ఆగ్నేయము, గోధూళి సోకుట వాయవ్యము, ఎండతో కూడిన వానలో తడియుట దివ్యము, నీటిలో మునుగుట వారుణము, భగవంతుని ధ్యానించుట మానసము. నీట మునుగుట ఏడింటిలో ఒక్కటి మాత్రమే. తడిగుడ్డతో దేహమును తుడుచుకొనుటకు కాపిలస్నానమని పేరు; అది అశక్తులకు విహితము. కావున జ్వరముతో నున్న తల్లి ధనుర్మాసమున తలస్నానము చేయలేకపోయినంతమాత్రమున వ్రతభంగమగునని భయపడనక్కరలేదు. ఆమె గోరువెచ్చని నీటితో దేహమును తుడుచుకొని, శ్రీమన్నారాయణుని స్మరించినచో చాలును.

ఆయుర్వేదము చెప్పినది

స్నానము పవిత్రమును, ఆయుష్యమును అని, శ్రమను, చెమటను, మలమును పోగొట్టి బలమును, ఓజస్సును ఇచ్చునని చరకుడు చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, స్నానము జఠరాగ్నిని దీపింపజేయునని, దురదను, బడలికను, తంద్రను పోగొట్టునని వివరించెను. వేడినీటిని గూర్చి ఆయన చెప్పిన మాట ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనదగినది. దేహమున క్రిందిభాగముపై వేడినీరు పోసికొన్నచో బలము కలుగును. ఆ వేడినీటినే శిరస్సుపై పోసికొన్నచో కేశములకును, నేత్రములకును బలము తగ్గును. దీనినిబట్టి వేడినీరు నిషిద్ధము కాదనియు, తలపై మాత్రము మిక్కిలి వేడినీరు కూడదనియు తెలియుచున్నది.

సుశ్రుతుడు ఋతువును లెక్కలోనికి తెచ్చెను. చలికాలమున అతిశీతలమైన నీటితో స్నానము చేసినచో కఫవాతములు ప్రకోపించును. ఎండకాలమున అత్యుష్ణమైన నీటితో చేసినచో పిత్తరక్తములు ప్రకోపించును. చలికాలమున మంచువంటి నీరు అందరికిని మేలు చేయునని ఆయుర్వేదము ఎచ్చటను చెప్పలేదు. ముఖము వంకరపోయిన అర్దితవాత రోగులు, కన్ను, నోరు, చెవి రోగములు గలవారు, అతిసారము, కడుపుబ్బరము, పీనసము, అజీర్ణము గలవారు స్నానము చేయరాదని వాగ్భటుడు నిషేధించెను. భోజనము చేసిన వెంటనే స్నానము చేయుట ఎవ్వరికిని తగదు. భుక్తానంతరస్నానమును, రోగి స్నానమును, నడురేయి స్నానమును మనువు కూడ నిషేధించుటచే ధర్మశాస్త్రము, వైద్యశాస్త్రము ఇచట ఏకకంఠముగా పలుకుచున్నవి.

జలచికిత్స దేశదేశములందు

పాశ్చాత్యదేశములలో చన్నీటి చికిత్సకు ప్రచారము కల్పించినవారిలో ముఖ్యుడు గ్రేఫెన్‌బర్గ్ గ్రామమునకు చెందిన విన్సెంట్ ప్రీస్నిట్జ్ (1799–1851). ఆయన రైతు కుటుంబమున పుట్టినవాడు. తరువాత బవేరియా దేశమున సెబాస్టియన్ క్నైప్ (1821–1897) అను క్రైస్తవ మతాచార్యుడు కాళ్లపై, మోకాళ్లపై, భుజములపై క్రమముగా చన్నీరు పోయు పద్ధతిని ఏర్పరచి, 1886లో తన జలచికిత్సా గ్రంథమును ప్రకటించెను. జర్మనీకి చెందిన లూయీ కూనే బొడ్డు వరకు చన్నీరు నింపిన తొట్టిలో కూర్చుండి, గుడ్డతో పొత్తికడుపును రుద్దుకొను తొట్టిస్నానమును ప్రవేశపెట్టెను.

కూనే గ్రంథమును 1894లో ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మగారు తెలుగులోనికి అనువదించిరి. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమమునకు ఆ తెలుగు అనువాదము ప్రారంభదశకు చెందినదగుట ఆంధ్రులకు గర్వకారణము. గాంధీమహాత్ముడు ఈ చికిత్సయందు జీవితాంతము విశ్వాసముంచి, 1946లో పుణె సమీపమున ఉరుళీకాంచనమున ప్రకృతి చికిత్సాశ్రమమును స్థాపింపజేసెను. హైదరాబాదు నగరమున డాక్టరు బి. వేంకటరావుగారు 1949లో ప్రారంభించిన ప్రకృతి చికిత్సాలయము తరువాతి కాలమున ప్రభుత్వ సంస్థగా పెరిగి, తొట్టిస్నానమును, మట్టిపట్టీలను సామాన్యజనులకు పరిచయము చేసినది.

శరీరమున జరుగునదేమి

నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా దేహమునుండి వేడిని లాగివేయును. అందుచేతనే ఇరువది డిగ్రీల గాలి హాయిగా నుండగా, ఇరువది డిగ్రీల నీరు వణకించును. చన్నీరు చర్మమును తాకగానే చర్మములోని రక్తనాళములు ముడుచుకొని, రక్తము లోపలి అవయవములవైపు మరలును. గుండె వేగము, రక్తపు పోటు పెరుగును. తనకు తెలియకయే మనుష్యుడు ఒక్కసారిగా ఊపిరిని లోనికి పీల్చును; తరువాత కొలదికాలము శ్వాస వేగముగా ఆడును. ఈ మొదటి రెండు మూడు నిమిషములే ప్రమాదకరములు. నీటమునిగి యుండగా ఆ ఊపిరి పీల్చినచో నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. ఈత వచ్చినవారు సైతము చన్నీటిలో దూకి మరణించుటకు తరచుగా ఇదియే కారణము.

ఈ ప్రతిక్రియ అభ్యాసముచే తగ్గును. కొలది నిమిషముల చొప్పున అయిదారు మారులు చన్నీటిని అలవాటు చేసికొన్నచో ఊపిరి ఆడుటలోని ఆ తొందర సగమునకు తగ్గునని పరిశోధకులు కనుగొనిరి. చన్నీరు తాకినపుడు దేహమున నారడ్రినలిన్ అను ద్రవ్యము అధికముగా వెలువడును. స్నానానంతరము కలుగు చురుకుదనమునకు, మనస్సు తేటపడుటకు అది ఒక కారణము. తెల్లవారుజామున స్నానము చేసి జపమునకు కూర్చుండువానికి నిద్రమత్తు కలుగకపోవుటలోని రహస్యమిదియే.

నెదర్లాండ్స్ దేశమున 18 మొదలు 65 సంవత్సరముల వయస్సు గల ఆరోగ్యవంతులు సుమారు మూడువేలమందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2016లో ప్రకటితమైనవి. వారిలో కొందరు ముప్పది దినములు ప్రతిదినము వేడినీటి స్నానము చివర ముప్పది, అరువది, లేక తొంబది సెకండ్లు చన్నీరు పోసికొనిరి. చన్నీరు వాడనివారితో పోల్చగా వీరు అనారోగ్యకారణముచే పనికి సెలవు పెట్టుట నూటికి ఇరువదితొమ్మిది వంతులు తగ్గినది. కాని జబ్బుగా నున్న దినముల సంఖ్యలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. జబ్బు రాకుండుట కాదు, వచ్చిన జబ్బును ఓర్చుకొని పనికి పోవు శక్తి పెరిగినదని దీనికి తాత్పర్యము. ముప్పది సెకండ్లవారికిని, తొంబది సెకండ్లవారికిని లాభము ఇంచుమించు సమానమే. కావున ఎక్కువసేపు చలిని భరించుటవలన ఎక్కువ ఫలము కలుగునను భ్రమ విడువవలెను. చన్నీటి స్నానము మధుమేహమునకు గాని, రక్తపు పోటునకు గాని, గుండెజబ్బునకు గాని మందు కాదు. వైద్యుడిచ్చిన ఔషధమును మాని దీనిని ఆశ్రయించుట అపాయకరము.

ఎవరు మానవలెను

గుండెజబ్బు గలవారు, రక్తపు పోటు అదుపులో లేనివారు, పక్షవాతము వచ్చినవారు, చలికి ఉబ్బసము రేగువారు, మూర్ఛరోగులు, చలి సోకినంతనే వ్రేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కువారు, చన్నీటికి ఒడలెల్ల దద్దురులు లేచువారు వైద్యుని అనుమతి లేనిదే చన్నీటి స్నానమును ఆరంభింపరాదు. మధుమేహముచే పాదములు మొద్దుబారినవారికి నీటి వేడిమి, చల్లదనము సరిగా తెలియవు. వారు వేడినీటితోను, చన్నీటితోను జాగరూకులై యుండవలెను. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, మిక్కిలి వృద్ధులు గోరువెచ్చని నీటితోనే స్నానము చేయుట మేలు. జ్వరము, జలుబు, విరేచనములు ఉన్నపుడు ఎవ్వరును చన్నీటి జోలికి పోరాదు.

ఇచట గృహమునందలి చిన్నవారికొక కర్తవ్యము కలదు. పెద్దలు నియమమును విడువ ఇష్టపడరు. 'అరువది యేండ్లనుండి చేయుచున్నాను, ఇప్పుడు మానుదునా' అందురు. వారితో వాదింపక, ముందురాత్రియే నీటిని ఇంటిలోపల ఉంచి, ఉదయమున కొంత వేడినీరు కలిపి, చలిగాలి తగులని చోట స్నానమునకు ఏర్పాటు చేయవలెను. వేడినీరు కలిపినంతమాత్రమున నియమము చెడదని, ఆతురులకు, వృద్ధులకు ఉష్ణోదకమును పెద్దలు అంగీకరించిరని వినయముగా తెలుపవలెను. నియమము భగవంతుని చేరుటకేగాని, దేహమును దండించుటకు కాదు.

ప్రారంభించు క్రమము

ఆరోగ్యవంతుడు చన్నీటి స్నానమును వేసవి ఆరంభమున, అనగా ఫాల్గున చైత్రములలో, మొదలుపెట్టుట ఉత్తమము. అప్పుడు ఆరంభించినవానికి కార్తికమునాటికి దేహము అలవడును. ధనుర్మాసమున బాధ తెలియదు. మార్గశిరమున చలి ముదిరిన తరువాత హఠాత్తుగా మొదలుపెట్టరాదు. సంగారెడ్డి జిల్లాలో కోహీరు మొదలగు చోట్ల చలికాలపు వేకువలందు వేడిమి పది డిగ్రీల లోపునకు దిగుచుండును.

మొదటి వారమున అలవాటు ప్రకారము గోరువెచ్చని నీటితో స్నానము చేసి, చివర పాదములపై, మోకాళ్లపై, చేతులపై రెండు మూడు చెంబుల చన్నీరు పోసికొనవలెను. రెండవ వారమున నడుము వరకు, మూడవ వారమున భుజముల వరకు ముప్పది సెకండ్లకు మించకుండ పోసికొనవలెను. నాలుగవ వారమున నిమిషము వరకు పెంచవచ్చును. అటుపిమ్మట వేడినీటిని క్రమముగా తగ్గించి, దేహము అంగీకరించినచో పూర్తిగా చన్నీటితోనే చేయవచ్చును. ఎంత అలవడినను చలికాలమున రెండు మూడు నిమిషములు చాలును. నీరు ఎల్లప్పుడు పాదములనుండి పైకి రావలెను. మొదటి చెంబే నడినెత్తిన క్రుమ్మరింపరాదు.

చన్నీరు పోసికొనునప్పుడు ఊపిరిని బిగబట్టరాదు, నెమ్మదిగా విడువవలెను. దీనికి మన పెద్దలు చూపిన ఉపాయము నామోచ్చారణము. కేశవ, నారాయణ, మాధవ, గోవింద, విష్ణు, మధుసూదన, త్రివిక్రమ, వామన, శ్రీధర, హృషీకేశ, పద్మనాభ, దామోదర అను ద్వాదశనామములను బిగ్గరగా, ఒక్కొక్క చెంబునకు ఒక్కొక్క నామముగా ఉచ్చరించినచో పలుకుతో పాటు ఊపిరి వెలువడి, చలికి కలుగు ఎగశ్వాస అదుపులోనికి వచ్చును. నోట నామము, ఒడలిపై నీరు, మనస్సున మూర్తి: ఈ మూడును కలిసినపుడు స్నానము పూజకు అంగమగును. పండ్రెండు నామములు ముగియుసరికి స్నానమునకు తగిన కాలమును ముగియును, గడియారముతో పనిలేదు.

స్నానమైన వెంటనే పొడిగుడ్డతో దేహమును చక్కగా తుడుచుకొని, పొడిబట్టలు కట్టవలెను. తడిబట్టతో గాలిలో నిలువరాదు. ఆపై కొలదిసేపు నడచినను, నాలుగు సాష్టాంగనమస్కారములు చేసినను దేహమున వేడి పుట్టును. వణకు ఆగకపోయినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను, ఛాతీలో నొప్పి గాని, తలతిరుగుట గాని కలిగినను వెంటనే ఆపవలెను. ఛాతీనొప్పి నిలిచినచో ఆలస్యము చేయక వైద్యుని చేరవలెను.

ఇంకొక సూక్ష్మము కలదు. నేలలో కొన్ని మీటర్ల లోతున నున్న నీటి వేడిమి సంవత్సరమంతయు ఇంచుమించు ఒకే తీరుగా నుండును. కావుననే బావినీరు చలికాలమున వెచ్చగను, వేసవిలో చల్లగను తోచును. మేడపై నున్న ట్యాంకులోని నీరు దీనికి విరుద్ధము. చలిరాత్రి గాలికి మంచువలె చల్లబడును, వేసవి మధ్యాహ్నమున కాగిపోవును. పూర్వులు తెల్లవారుజామున నూతికడ తోడుకొని స్నానము చేసినది ఆ వెచ్చని నీటితోనే. 'మా తాతగారు మార్గశిరమున చన్నీళ్లు పోసికొనిరి' అని చెప్పి ట్యాంకు నీటిని పోసికొనువాడు తాతగారికంటె కఠినమైన పని చేయుచున్నాడు. బోరుబావి గలవారు అప్పుడే తోడిన నీటిని వాడుట యుక్తము.

ఏ నీటిలో స్నానము?

తెలియని జలాశయమున స్నానము చేయరాదని మనువు శాసించెను. లోతు, అడుగు, ప్రవాహము, జంతువులు, నీటి శుద్ధి, ఇవన్నియు 'తెలియుట'లో చేరును. ఈ నిషేధమునకు మంజీరాతీరముకంటె మంచి వ్యాఖ్యానము లేదు.

మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమును దాటి, సంగారెడ్డి, మెదకు సీమల గుండ ప్రవహించి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలియు మంజీరానదిని జనులు గరుడగంగ యని పూజింతురు. న్యాల్కల్ మండలము రాఘవాపురమున ఈ నదికి కుంభమేళాలు జరిగినవి. ఝరాసంగము కేతకీ సంగమేశ్వరుని ఆలయమునందలి గుండములో స్నానముచే కుపేంద్రుడను రాజునకు చర్మవ్యాధి పోయెనని స్థలపురాణము చెప్పుచున్నది. నీటివలన ఆరోగ్యము కలుగునను విశ్వాసము ఈ నేలకు ప్రాచీనమైనది.

ఆ మంజీరయే సింగూరు జలాశయమునుండియు, సంగారెడ్డి సమీపమున 1965లో ఏర్పడిన ఆనకట్టనుండియు హైదరాబాదు నగరమునకు త్రాగునీరిచ్చినది. ఈ రెంటి నడుమనున్న నదీభాగము 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. అచట మొసళ్లు సహజముగా నివసించును. గజేంద్రుని మొసలి పట్టిన కథను భక్తితో వినువారు ఆ నీటిలో దిగునపుడు ఆ కథను మరువరాదు. అభయారణ్యభాగమున దిగక, దేవస్థానములును, అధికారులును ఏర్పాటు చేసిన స్నానఘట్టములందే, ఒంటరిగా గాక పదిమందితో కలిసి స్నానము చేయవలెను.

పటాన్‌చెరు కథ ఇంకొక విధమైనది. 1970 దశకమునుండి పటాన్‌చెరు, బొల్లారము, జిన్నారము, పాశమైలారము ప్రాంతములలో ఔషధ, రసాయన కర్మాగారములు విస్తారముగా వెలసినవి. అవి వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినవి. కాని వాని వ్యర్థజలములు నక్కవాగు, ఇసుకవాగుల గుండ మంజీరవైపు పారి, చెరువులను, బావులను చెరచినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టుకు చేరినది. వ్యర్థజలములను శుద్ధిచేయుటకు ఉమ్మడి కేంద్రములు ఏర్పడినవి. అయినను 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు, సుమారు తొంబది ఔషధ కర్మాగారముల నీరు చేరు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు ముప్పదియొక్క మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించిరి. అది రోగి రక్తమున ఉండు మోతాదును మించినది. అట్టి నీటిలో మందులకు లొంగని సూక్ష్మక్రిములు పెరుగును. తరువాతి కాలమున శుద్ధిచేసిన ఆ నీటిని గొట్టము ద్వారా నగరమునందలి అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది.

మలమూత్రములను, ఉమ్మిని, నెత్తురును, విషములను నీటిలో విడువరాదని మనువు చెప్పిన విధిలో 'విషములు' అను మాట ఉన్నది. కర్మాగారములు లేని కాలమున పలికిన ఆ మాట నేడు మిక్కిలి సార్థకమైనది. నీటిలో విషము విడుచువాడు నారాయణుని నివాసమును చెరచినవాడు. యాజమాన్యమునకు ఎంత బాధ్యత కలదో, రాత్రివేళ ట్యాంకరును తెచ్చి వాగులో విడుచు చేతికిని అంత బాధ్యత కలదు. పూజాద్రవ్యములను ప్లాస్టిక్ సంచులతో సహా నదిలో పారవైచు యాత్రికునకును ఇందు భాగము లేకపోలేదు.

కావున ఈ ప్రాంతపు గృహస్థులు పండుగనాడైనను వాగులలోను, రంగు మారిన, నురుగు తేలుచున్న, వాసనవేయు చెరువులలోను స్నానము చేయరాదు. పిల్లలను ఈతకు పంపరాదు. కర్మాగారములకు దగ్గరనున్న బోరునీటిని పరీక్ష చేయింపక వాడరాదు. శుద్ధిచేసిన కుళాయినీరు వచ్చుచోట అదియే స్నానమునకు తగినది. పుణ్యనదుల నామములను స్మరించి ఆవాహన చేసినచో చెంబెడు కుళాయినీటియందును గంగ, గోదావరి సన్నిహితలగుదురు. పేరునకు నదియైనను విషముతో నిండిన నీటిలో మునిగినచో దేహమునకు హాని తప్పదు.

కర్మాగారములలో పనిచేయువారికి

కొలిమివద్ద, బాయిలరువద్ద పనిచేసి వేడెక్కిన దేహముతో వచ్చినవాడు వెంటనే చన్నీరు తలపై పోసికొనరాదు. కొంతసేపు నీడలో కూర్చుండి, చెమట ఆరి, గుండె నెమ్మదించిన పిదప పాదములనుండి ఆరంభింపవలెను. రసాయనములతో పనిచేసినవాడు ఇంటికి చేరగానే, పిల్లలను ఎత్తుకొనక మునుపే, సబ్బుతో చక్కగా స్నానము చేసి, పనిబట్టలను వేరుగా ఉతుకవలెను. రాత్రి షిఫ్టు ముగించి వచ్చువానికిని ఇదియే విధి. ఇది మలకర్షణ స్నానము. దీనికి గోరువెచ్చని నీరే మంచిది. ఆమ్లము మొదలైనవి ఒంటిపై చిందినచో ఆలస్యము చేయక తడిసిన బట్టలను తీసివేసి, ధారగా పారు నీటితో చాలసేపు కడిగి, వైద్యునికడకు పోవలెను. రాత్రి షిఫ్టు చేసి ఉదయము నిద్రింపవలసినవాడు అరుణోదయస్నానము కుదరలేదని దుఃఖింపనక్కరలేదు. నిద్రలేచిన పిమ్మట స్నానము చేసి పూజకు కూర్చున్నచో ఆ స్నానమే క్రియాంగమగును.

స్నానఫలము

భగవద్రామానుజులు వార్ధక్యమున కావేరికి స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణశిష్యుడగు దాశరథి భుజమును, స్నానము చేసి మరలునపుడు అన్యకులజుడైన ధనుర్దాసుని భుజమును ఊతగా గొనుచుండిరని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. స్నానానంతరము అట్లు చేయుటేమని అడిగినవారికి, నీరు పోగొట్టలేని కులాభిమానమను మాలిన్యమును ధనుర్దాసుని స్పర్శ పోగొట్టుచున్నదని వారు సమాధానమిచ్చిరట. నీటితో పోవు మలము కొంత, నీటితో పోని మలము కొంత.

చన్నీరు పోసికొనగలిగితిననెడు గర్వము ఈ రెండవ కోవకు చెందును. శరీరబలము గలవాడు చన్నీటితోను, అశక్తుడు గోరువెచ్చని నీటితోను, రోగి తడిగుడ్డతోను, మంచము విడువలేనివాడు స్మరణముతోను స్నానము చేయుగాక. స్వామికి వీరందరును సమానులే. ప్రతివాడును ఆచరింపవలసిన నియమము ఒక్కటి కలదు: తాను స్నానము చేసిన నీటిని, తన ఊరి చెరువును, తన సీమ నదిని తరువాతివాని స్నానమునకు తగినట్లుగా విడిచిపెట్టుట.

శ్రీమతే నారాయణాయ నమః.